గృహప్రవేశం నాడే నా పందెం

ఈ ఏడాది కొండదారుల సైకిల్ పందేలకు నేను వేసుకున్న ప్రణాళికను ఈ ఉదయం గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. మొదటి రెండు పందేలు అనుభవం కోసం, మూడవది పతకం కోసం. సాయంత్రం మనుబోలు నుండి మా బావమరిది తన గృహప్రవేశానికి పిలవడానికి వచ్చాడు. ముహూర్తం సరిగ్గా ఆ మూడవ పందెం నాడే.

రాలేనని చెప్పాను.

"నా పెళ్ళికీ డిగ్రీ పరీక్షని రాకపోతివి. ఇప్పుడు సైకిలా బావా? అయినా నువ్వు ఎక్కి నేర్చుకునేదానికి మన కాడ గుట్ట యాడుండాది?"

"గుట్ట లేదు. కృష్ణపట్నం దారిలో సముద్రపు ఎదురుగాలి ఉంది. రోజూ దానికి ఎదురు తొక్కుతున్నాను."

మా ఆవిడ నవ్వింది. "పాలు పొంగించాల్సింది ఆడపడుచును నేను గదరా, నేనొస్తాలే. ఈయన వచ్చి పొంగించేదేముంది?"

పగలు పనిచేసి, రాత్రి కళాశాలలో చదివి రాసిన ఆనాటి పరీక్షలో నేను ఉత్తీర్ణుడనయ్యాను. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఈ పందెంలో అందరికన్నా చివర రావచ్చు. అయినా బయలుదేరే గీత వద్ద తప్పక ఉంటాను. ఇది తప్పని భావించే మిత్రులు నిస్సంకోచంగా కింద రాయండి, శ్రద్ధగా చదువుతాను. క్యాలెండర్‌లో గుర్తు మాత్రం చెరపను.