మూడు మెస్సులు, ఒకే కూపన్

ముందుగా ఒక మాట ఒప్పేసుకుంటాను. నాకు పెంచి చెప్పే అలవాటుంది. దోమ కుట్టిందంటే డేగ తన్నుకుపోయిందని చెబుతాను. మా ఆవిడ ఇరవై రెండేళ్ళుగా నా మాటలన్నిటినీ నాలుగుతో భాగించి వింటోంది. సంసారం హాయిగానే సాగుతోంది. మీరూ అలాగే చదువుకోండి.

2022వ సంవత్సరం. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో అల్యూమినియం కిటికీలు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి, దాని వెనకే కార్మికులుండే క్యాంప్. ఆ క్యాంప్‌కి నేను క్యాంప్ బాస్‌ని. పేరు విని కిరీటం, సింహాసనం ఊహించుకోకండి. మంచాలు, నీళ్ళు, ఏసీలు, బస్సులు, ఊడిపోయిన గడియలు, పక్క మంచం గురక మీద లిఖితపూర్వక ఫిర్యాదులు, వీటన్నిటికీ జవాబు చెప్పుకునే మనిషిని ఇక్కడ క్యాంప్ బాస్ అంటారు. నా ఏలుబడిలో ఉన్నది ఆరువందల మంది. ఊళ్ళో చెప్పుకునేటప్పుడు ఆరువేలు.

మా క్యాంప్‌లో మూడు మెస్సులుండేవి. తెలుగువాళ్ళది యాదగిరి మెస్. యాదగిరిది జగిత్యాల దగ్గర పల్లె. మనిషి సన్నం, మీసం లావు. మలయాళీలది వర్గీస్ మెస్. పఠాన్లది గుల్ ఖాన్ మెస్; ఆయన పెషావర్ వైపు వాడు, తలుపులోంచి రావాలంటే ముందు ఆయన భుజాలు ఒకటొకటిగా లోపలికి వచ్చేవి. ఒక్కో మెస్‌కీ ఒక్కో రంగు కూపన్. యాదగిరిది పచ్చ, వర్గీస్‌ది నీలం, గుల్ ఖాన్‌ది ఎరుపు. నెల మొదట్లో ఎవరు ఏ మెస్ ఎంచుకుంటే ఆ రంగు కూపన్ల పుస్తకం కంపెనీ ఇచ్చేది. మెస్ వాళ్ళు వచ్చిన కూపన్లు నెలాఖరుకి నా ఆఫీసులో అప్పజెప్పి డబ్బు తీసుకునేవాళ్ళు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మనిషన్నవాడు నెలంతా ఒకే వంట తింటాడా? మెట్ల మీద మారకం మొదలైంది. మామూలు రోజుల్లో రెండు పచ్చలకి ఒక ఎరుపు. ఆదివారం గుల్ ఖాన్ మటన్ పులావ్ వండే రోజున నాలుగు పచ్చలకి ఒక ఎరుపు. నీలం మధ్యలో ఊగేది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ "ఇయ్యాల ఎరుపెంత?" అని ఒకర్నొకరు అడిగేవాళ్ళు. మెట్ల మీద అరుపులు విని పక్క క్యాంప్ వాళ్ళు ఒంటెల వేలం అనుకుని వచ్చారు. రెండుసార్లు చొక్కాలు చిరిగాయి. ఒకసారి నా చొక్కానే.

దాంతో నాలోని రాజనీతిజ్ఞుడు నిద్రలేచాడు. మూడు రంగులూ తీసేసి ఒకే కూపన్ పెట్టాను. ఏ మెస్‌లోనైనా చెల్లుతుంది, ఒక కూపన్‌కి ఒక ప్లేటు.

పెట్టడం అంత తేలికగా జరిగిందనుకోకండి. కూపన్ మీద బొమ్మ ఏముండాలన్న దానికే తొమ్మిది సభలు జరిగాయి. యాదగిరి చార్మినార్ అన్నాడు. వర్గీస్ పడవ అన్నాడు. గుల్ ఖాన్ తన ఊరి కొండ ఫోటో తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. చివరికి ఎవరికీ చెందని ఒక వంతెన బొమ్మ వేయించాను. ఇక ముద్ర వేసే రబ్బర్ స్టాంప్ ఎవరి గదిలో ఉండాలన్నది ఇంకో యుద్ధం. ఇందులో మమ్మల్ని తప్పుపట్టడానికేం లేదు. ఈ గల్ఫ్ దేశాలు కూడా ఒకప్పుడు ఉమ్మడి నాణెం తెద్దామనుకుని, దాని బ్యాంకు ఏ ఊళ్ళో ఉండాలన్న దగ్గర ఆగిపోయాయి; మన ఎమిరేట్స్ దణ్ణం పెట్టి బయటికొచ్చేసింది. రాజులకే కుదరని పని నేను కుదిర్చాను. స్టాంప్ నా సొరుగులోనే ఉంచుకున్నాను.

మొదటి వారం పండగే. మెట్లు ప్రశాంతం. మలయాళీలు తందూరీ రొట్టె తింటున్నారు, పఠాన్లు వర్గీస్ ఆవిరి మీద వండే పుట్టు తింటున్నారు. నాకు నేనే సన్మానం చేసుకుందామనుకుంటుండగా హెడ్‌కౌంట్ కాగితం వచ్చింది. హెడ్‌కౌంట్ అంటే ఏ మెస్‌లో రోజుకు ఎంతమంది తిన్నారన్న లెక్క. యాదగిరి మెస్‌లో రెండువందలు ఉండేది నలభైకి పడింది. మన తెలుగువాళ్ళే మూకుమ్మడిగా గుల్ ఖాన్ రొట్టెల మీద పడ్డారు. వాళ్ళదీ తప్పు కాదు. యాదగిరి పప్పులో పప్పు దొరకాలంటే గజ ఈతగాడు కావాలి.

యాదగిరి తెలివైనవాడు. ఒక కూపన్‌కి రెండు ప్లేట్లు పెడతానన్నాడు. గంటలో వర్గీస్, గుల్ ఖాన్ నా ఆఫీసులో ఉన్నారు.

"సార్, ఒక కూపన్‌కి ఒక ప్లేటు అని రూల్ మీరే రాశారు," అన్నాడు వర్గీస్. "రూల్ ఉందా, లేదా?"

ఉంది. నేనే రాశాను, నూట పదకొండు పేజీలు. యాదగిరిని పిలిచి వద్దన్నాను.

"గిదేం న్యాయం సారూ?" అన్నాడు యాదగిరి. "పచ్చ కూపనున్నప్పుడు నా వంట బాగలేకుంటె నా కూపన్ అగ్గువైతుండె. అగ్గువకు దొరుకుతదని జనం వస్తుండ్రి. పెద్ద కడుపు పఠాన్లు సుత మెట్ల కాడ ఒక్క ఎర్రదిచ్చి రెండు పూటలు నా కాడ్నే తింటుండ్రి. గిప్పుడు అగ్గువ జేద్దమంటె కూపన్ నాది కాదాయె."

అగ్గువంటే చవకని తెలుసు కానీ, అతని మాట నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యేలోపే ముదీర్ దిగాడు. ముదీర్ అంటే మా మేనేజర్. ఆయన కాగితం చూసి రెండే ముక్కలు చెప్పాడు. నెలాఖరు ఆదివారానికి రోజుకు వంద ప్లేట్లు దాటకపోతే తెలుగు మెస్ ఖలాస్. ఆ గదిలో గుల్ ఖాన్‌కి ఇంకో తందూర్. మెస్ పోతే యాదగిరి వీసా పోతుంది, అతని కింద వండే రాజయ్య, దేవయ్యల వీసాలూ పోతాయి. చేతిలో ఉన్నది పద్దెనిమిది రోజులు. యాదగిరి అప్పటికే ఖర్చు తగ్గించడానికి తన జీతం సగం చేసుకున్నాడు. తర్వాత చింతపండు తగ్గించాడు. ఆ తర్వాత రాజయ్యని పంపించేయాలా అని అడగడానికి నా దగ్గరికి వచ్చి, అడగలేక, ఏసీ గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే గ్రీస్ నుంచి నికోస్ అనే ఇంజనీర్ కొత్త మెషిన్ బిగించడానికి వచ్చి ఉన్నాడు. హోటల్ తిండి పడక క్యాంప్‌లోనే తినేవాడు. నా దగ్గర కూపన్ తీసుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పగలబడి నవ్వాడు.

"ఈ వంతెన ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు. అందుకే వేశాం."

"మా యూరో నోటు మీదా అంతే. ఎవరికీ కోపం రాకూడదని ఎక్కడా లేని వంతెనలు వేశారు." నవ్వు ఆపి అడిగాడు. "ఇప్పుడు మీలో గ్రీస్ ఎవరు?"

యాదగిరిని చూపించాను. కథంతా చెప్పాను. నికోస్ ప్లేటు పక్కన పెట్టాడు.

"మాకు ముందు మా సొంత డబ్బు ఉండేది, డ్రాక్మా. రోజులు బాగా లేకపోతే దాని విలువ పడిపోయేది. మా ఆలివ్ నూనె బయటివాళ్ళకి చవకయ్యేది, మా సముద్రం చూడటానికి వాళ్ళొచ్చేవాళ్ళు, మేం మళ్ళీ లేచేవాళ్ళం. యూరో వచ్చాక బలమైనవాడిదీ మాదీ ఒకటే నాణెం. అప్పులు బాగా తేలిగ్గా దొరికాయి, తీసుకోవడంలో మా తప్పూ ఉంది. కష్టం వచ్చేసరికి నాణెం తగ్గించే వీల్లేదు. నాణెం తగ్గకపోతే మనుషులు తగ్గాలి. మా నాన్న పెన్షన్ తగ్గింది, మా చెల్లి జీతం తగ్గింది."

"అయితే కూపన్లు మళ్ళీ మూడు చేసెయ్యనా?"

"అదీ మా దగ్గర చాలామంది అన్నారు. ఎవరూ ధైర్యం చేయలేదు. ఒకే నాణెం తప్పు కాదు. నాణెం ఒకటి చేసి, డబ్బు దాచుకునే డబ్బాలు మూడూ వేరేగా ఉంచారు చూడు, అదీ తప్పు. ఇంకొకటి. ఎప్పుడూ అమ్మేవాడు ఎప్పుడో ఒకప్పుడు కొనాలి కూడా."

ఆ ఆదివారం ముగ్గుర్నీ కూర్చోబెట్టాను. ఐక్యరాజ్య సమితిలో కూడా అంత టీ ఖర్చు కాదు. నేను రెండు ప్రతిపాదనలు పెట్టాను. ప్రతి మెస్ తనకు వచ్చే పది కూపన్లలో ఒకటి ఉమ్మడి డబ్బాలో వెయ్యాలి. ఆ నెల ఎవరు వెనకబడితే ఆ డబ్బా వాళ్ళకి. రెండోది, గుల్ ఖాన్ మెస్‌లో పనిచేసే పదకొండు మందీ వారానికి రెండు పూటలు యాదగిరి దగ్గర కూపన్ ఇచ్చి తినాలి.

గుల్ ఖాన్ లేచి నిలబడ్డాడు. గదిలో వెలుతురు తగ్గింది.

"మెహనత్ మై కరూఁ, ఖాయే యాదగిరి? ఈయన పప్పులో నీళ్ళు పోస్తే నా డబ్బాలోంచి ఇవ్వాలా భాయ్ సాబ్?"

"నీల్లు పోసిన్నా?" యాదగిరి కూడా లేచాడు. "నువ్వు నా పప్పు ఎన్నడన్న తిన్నవా, ఖాన్ సాబ్?"

"తినలేదు. దూరం నుంచి చూశాను. చాలా దూరం నుంచి కూడా గిన్నె అడుగు కనిపించింది."

వర్గీస్ నవ్వు ఆపుకోలేక నోట్లో టీ అంతా నా కాగితాల మీద చిమ్మాడు. నేను గుల్ ఖాన్‌ని కూర్చోబెట్టి ఒకటే అడిగాను.

"యాదగిరి మెస్ మూసేస్తే, ముదీర్ ఇంకో తందూర్ ఇచ్చినా, పొద్దున్న అయిదింటికి నీ గుమ్మం ముందు ఎంతమంది నిలబడతారు? బస్సు ఆరింటికి. ఇప్పటికే రొట్టె అందక రోజూ పదిమంది ఖాళీ కడుపుతో బస్సెక్కుతున్నారు. రేపు నాలుగువందల మందికి రొట్టె అందకపోతే వాళ్ళు దేన్ని తింటారు?"

గుల్ ఖాన్ తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ చేతుల మీద తందూర్ కాల్చిన మచ్చలు క్యాంప్‌లో అందరికీ తెలుసు.

"డబ్బాకి ఒప్పుకుంటా," అన్నాడు. "కానీ పప్పులో పప్పు ఉండాలి."

"ఉంటది," అన్నాడు యాదగిరి. "చింతపండు సుత ఉంటది."

రెండో షరతు మీద ఇంకో గంట ఉపన్యసించాను. అంత గొప్ప ఉపన్యాసం ఎడారిలో అంతకు ముందు ఎవరూ విని ఉండరు. దానికీ ఒప్పుకున్నాడు.

ఉమ్మడి డబ్బా అండతో యాదగిరి మళ్ళీ పప్పు, చింతపండు తెచ్చాడు. రాజయ్య ఉండిపోయాడు. యాదగిరి, రాజయ్య, దేవయ్య కలిసి సర్వపిండి మొదలుపెట్టారు. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె అడుగున చేత్తో అద్ది, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసి కాలుస్తారు. ఆ వాసన ప్రహరీ గోడ దాటి హైవే మీద లారీలు ఆపిందని అంటే మీరు నాలుగుతో భాగిస్తారు, భాగించండి. రెండు లారీలు మాత్రం నేను చూశాను. నలభై డెబ్భై అయింది, డెబ్భై తొంభై అయింది. తొంభై దగ్గర ఆగిపోయింది.

నెలాఖరు ఆదివారం ముదీర్ స్వయంగా వచ్చి యాదగిరి మెస్ గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. భోజనాల వేళ దాటుతోంది. తొంభై మూడు. తొంభై నాలుగు. ఆ తర్వాత ఎవరూ లేరు. యాదగిరి గరిటె పట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు. ముదీర్ గడియారం చూసుకున్నాడు.

అప్పుడు మూల తిరిగి గుల్ ఖాన్ వచ్చాడు. ఆయన వెనక ఆయన వంటవాళ్ళందరూ, పిండి చేతులు అప్పుడే కడుక్కుని, ఒక్కొక్కరు ఒక్కో కూపన్ పట్టుకుని. తన మెస్‌లో మటన్ పులావ్ అయిపోయిందని పలక తిప్పి మరీ వచ్చాడు.

"యల్లా, యాదగిరి! బారా ప్లేట్. మిర్చీ కమ్ నహీఁ కర్నా."

పన్నెండు ప్లేట్లు, కారం తగ్గించకుండా. నూట ఆరు. ముదీర్ తనకీ ఒక ముక్క అడిగాడు. తిన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తర్వాత "ఈ మెస్ ఉంటుంది" అని, ఇంకో ముక్క కాగితంలో చుట్టించుకుని వెళ్ళాడు. యాదగిరి గరిటె కింద పెట్టాడు. లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాడు.

ఉద్యోగంలో చాలా సమస్యలు చూశాను కానీ ఇంత నేర్పినది ఇంకొకటి లేదు. నాణెం ఒకటి చెయ్యడం ప్రింటర్ పని, పావుగంట చాలు. ఆ తర్వాత పక్కవాడి వంటగది మూతపడితే మన వంటగదికీ నష్టమేనని బలమైనవాడికి తెలియాలి. సాయం అందుకున్నవాడు పప్పులో పప్పు వెయ్యాలి. నూట పదకొండు పేజీల్లో నేను ఈ రెండే రాయడం మర్చిపోయాను. నిజానికి నేను రాసిన రూల్స్ మొత్తం నాలుగు పేజీలే.

ఇక మిగిలింది ఒక అబద్ధం. లారీలు, తొమ్మిది సభలు, ఒంటెల వేలం, ఇవన్నీ ఉన్నదాన్ని కాస్త సాగదీసినవి. పూర్తిగా కల్పించింది మాత్రం ఒకటే, రెండో షరతు ఒప్పుదల. దానికి గుల్ ఖాన్ సభలో ఒప్పుకోలేదు. "డబ్బా వరకే" అని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం నేను కొత్త కాగితం రాసుకుని బతిమాలుకోవడానికి ఆయన మెస్‌కి వెళ్తే అక్కడ లేడు. యాదగిరి మెస్‌లో ఉన్నాడు, బల్ల మీద మోచేతులు ఆనించి. యాదగిరి తన మనుషుల కోసం కాల్చుకున్న సర్వపిండి సగం ఆయన ప్లేటులో ఉంది. పక్కన కూపన్ పెట్టి ఉంది.

నేను కాగితం తీసి చదవబోయాను.

"కాగజ్ రెహనే దో, భాయ్ సాబ్," అన్నాడు నోటి నిండా పెట్టుకుని. "పదహారేళ్ళుగా నా చేతి వంట నేనే తింటున్నాను. విసుగొచ్చింది."