నా కొడుకు కొట్టెయ్యనియ్యని మాట

వనపర్తి దవాఖాన నుంచి చిన్నోడు ఫోన్ చేసినప్పుడు నేను పల్లికాయ ఏరుతున్న. "అమ్మా, అన్న ఇంక లేడు" అన్నడు. కామెర్లు ముదిరి నా పెద్దకొడుకు పోయిండు. ముప్పై ఒక్కటే ఏండ్లు.

నేను నాలుగు దాకనే చదివిన. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

వాడు కొత్తకోట రోడ్డు మీద పంచర్ షాపుల పనిచేసెటోడు. ఆదివారం మా ఊరి చర్చిల వాక్యం చెప్పెటోడు. రెండేండ్లు బైబిలు ట్రైనింగుకు పోయి గ్రీకు నేర్చుకొచ్చిండు. పంచరు పడ్డకాడ గుర్తు పెట్టే సుద్దముక్కతోనే టైర్ల మీద గ్రీకు అక్షరాలు రాసుకొనెటోడు. "ఏందన్నా, మంత్రమా?" అని లారీ డ్రైవర్లు నవ్వితే, "కాదన్నా, పాత ఉత్తరం" అనెటోడు.

కొత్త తర్జుమా బైబిలు వచ్చినంక చర్చిల లొల్లి మొదలైంది. నీళ్లు కదలంగనే ముందు దిగినోని రోగం పోతదని రోగులు కోనేటి కాడ కాసుకొని ఉండే కథ బైబిల్ల ఉంది. దేవదూత దిగి నీళ్లు కదిలిస్తడన్న మాట పాత బైబిల్ల కథలనే ఉంది. కొత్తదాన్ల పేజీ కింద, చిన్న అక్షరాలల్ల పెట్టిండ్రు. వాడు ఆ కొత్తది తెరిచి చదివిండు. మా సంఘపెద్ద, మేమంతా పెద్దాయన అంటం, లేచి, "దేవుని మాట కోసిన పుస్తకం ఉన్నకాడికి నేను రాను" అని చెప్పులేసుకొని పోయిండు. సగం మంది ఆయన ఎంబడే పోయిండ్రు. ఆ దిక్కు చాపలు ఖాళీ అయినయి.

నేను గూడ ఇంట్ల తిట్టిన. "ఏంరా, ఆ దేవదూత నీకేం చేసిండు? నీవు కడుపుల ఉన్నప్పటి సంది ఆ మాట పట్టుకొనే ప్రార్థన చేస్తున్న."

వాడు కోపం చెయ్యలె. నా పాటల నోటుబుక్కు, వాళ్ల పెద్దమ్మ, అంటే మా యారాలి నోటుబుక్కు తెచ్చి పక్కపక్కన పెట్టిండు. నేను రాసుకున్నదంతా ఆమె దాన్ల చూసే. ఆమె ఒక పాట పక్కన, అంచుకు, కంజిర కొట్టే పిల్ల కోసం రాసిపెట్టుకుంది: "మెల్లగ, మెల్లగ, తొందరేంది." నేను అది గూడ పాటే అనుకొని నడుమ కలిపి రాసిన. నా దాన్ల చూసి ఇంకో నలుగురు రాసుకున్నరు. ఏండ్ల సంది ఆడోళ్లమంతా కండ్లు మూసుకొని భక్తితోని అదే పాడుతున్నం! పక్కనే ఉన్న మా యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా మాటనే నేను గూడ మొక్కుకుంట పాడుతున్న గదనే!"

"చేతితోని రాసుకున్న కాలంల గిట్లనే అయ్యుంటదమ్మా" అన్నడు వాడు. "పాత తర్జుమా చేసినోళ్లకు దొరికిన గ్రీకు ప్రతులల్ల ఆ మాట ఉండె. తర్వాత ఇంకా పాత ప్రతులు దొరికినయి. వాటిల్ల లేదు. ఎవ్వరూ మోసం చెయ్యలె."

సిగ్గయి పెన్ను తీసి ఆ లైను కొట్టెయ్యబోయిన. చెయ్యి పట్టుకున్నడు. "కొట్టెయ్యకు. ఇన్నేండ్లు దాంతోనే మొక్కిండ్రు. కింద గీత గీసి, పెద్దమ్మ మాట అని రాయి. నిజం నిజమే ఉంటది, పాట పాటే ఉంటది."

ఆ రెండు నోటుబుక్కులు పట్టుకొని పెద్దాయన ఇంటికి పోయిండు. "ఆడోళ్ల పాటలకు, దేవుని మాటకు పోలికనా?" అని ఆయన తిప్పి పంపిండు. చిన్నోడు ఆయనను తిడితే పెద్దోడు ఊకోలె. "ఆయనకు ఆ పుస్తకం మీద ప్రేమరా. నా మీద పగ కాదు." అప్పటి సంది ఆదివారం ముందు పాతది చదివి, తర్వాత కొత్తది చదివెటోడు. పెద్దాయన కూసునే జాగల చాప తనే దులిపి పరిచెటోడు. దవాఖానల పండుకొని గూడ ప్రతి ఆదివారం ఫోన్ల ఒకటే అడిగిండు: "అమ్మా, పెద్దాయన వచ్చిండా?" లేదు బిడ్డా అని చెప్పుడే నాకు కష్టమయ్యేది.

వాన్ని మట్టిల పెట్టే నాడు పెద్దాయన వచ్చిండు. చంకల పాత బైబిలు. నా దగ్గరికొచ్చి, "చెల్లె, వాని బైబిలు ఇయ్యి" అన్నడు. అద్దాలు సవరించుకొని ఆ కోనేటి కథ పేజీ తీసి, కింది చిన్న అక్షరాలు వేలు పెట్టి చదివిండు. వాడున్న పెట్టె దిక్కు తిరిగి, "ఉందిరా కొడుకా. ఈడనే ఉంది" అన్నడు. అప్పుడు ఆయన ఎంబడి పోయినోళ్లు గూడ వచ్చి ఆయన ఎనుక నిలబడ్డరు.

వాడు నాకు గీత గియ్యడం నేర్పిండు, కొట్టెయ్యకుండ. గంత చాలు నాకు.

పెట్టె లేపంగనే ఆడోళ్లు ఆ పాటే ఎత్తుకున్నరు. ఆ లైను కాడికి వచ్చి అందరం ఆగినం. అది పాటల మాట కాదని ఇప్పుడు అందరికి తెలుసు. అప్పుడు పెద్దాయన గొంతే ముందు లేచింది. "మెల్లగ, మెల్లగ, తొందరేంది." మేమందరం అందుకున్నం. పెట్టె మోసెటోళ్లు అడుగులు చిన్నగ చేసిండ్రు.