లైటు మీద ఆంజనేయస్వామి

నేనెప్పుడూ మన ఆడవాళ్ల గ్రూపులో ఇట్లా రాయను. ఈ రోజు మనసులో దాచుకోలేక రాస్తున్నాను.

పొద్దున అత్తమ్మను కంటి ఆపరేషన్‌కు ములుగు నుంచి హన్మకొండ తీసుకొస్తుంటే దారిలో కారు టైరు పూర్తిగా కూర్చుంది. గాలి తగ్గిందని మీటర్లో పసుపు లైటు వెలుగుతోందని వారం నుంచి మొత్తుకుంటున్నాను. మా ఆయన గాలి కొట్టించలేదు. లైటు కనబడకుండా దాని మీద ఆంజనేయస్వామి స్టిక్కర్ అంటించారు.

అత్తమ్మ కారులో ఉండగానే జాకీ ఎత్తబోయారు. నేనే ఆమెను దింపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను. తీరా చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు.

"స్వామి ఉన్నడు, ఫికర్ ఎందుకే?" అన్నారు.

"వారం నుంచి ఆ లైటుతోని చెప్తున్నది ఆ స్వామేనండి. ఆ లైటుకు ఆయన్నే మీరు అడ్డం పెట్టిన్రు."

చెట్టు కింద కూర్చున్న అత్తమ్మ, "ఆపరేషన్ నాకు కాదురా, ముందుగాల నీకు చేపియ్యాలె" అన్నది.

ఆటో దొరికి దవాఖానకు చేరేసరికి డాక్టరమ్మ వెళ్లిపోయింది. భయంతో రాత్రంతా నిద్రపోని ముసలామె మళ్లీ వచ్చే వారం దాకా భయపడాలి.

సాయంత్రం కారు బాగై ఇంటికొచ్చాక స్టిక్కర్ మెల్లగా తీసి దేవుడి అర్రలో పెట్టాను. మీ ఇళ్లలోనూ ఇంతేనా? చెప్పండి. ఇది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, మా ఆయనకు చూపించకండి.