ఉప్పక్క సూది

ప్రయోగశాలలో ఆమెకు పెట్టిన పేరు ఉప్పక్క. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఎడమ చెవి వినపడదు కదా అని ఆ వైపు నిలబడి అనేవాళ్ళు. కుడిది పాము చెవి అని వాళ్ళకు తెలియదు పాపం!

ఆ ఎడమ చెవి క్షయ రోజుల్లో పోయింది. మామూలు మాత్రలకు లొంగని క్షయ అది. ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు పొడిస్తే ప్రాణం దక్కింది, చెవి దక్కలేదు. అప్పుడు మంచం పక్కన కూర్చున్నది అక్క. లేచి తిరగగానే చెల్లెలు పోయి పోయి ఆ క్రిమి మీదే పరిశోధనకు చేరితే, అక్క నెత్తీ నోరూ బాదుకుంది.

"కొరివితో తల గోక్కుంటావుటే?"

"నన్ను పడగొట్టినదాని మొహమైనా చూడకుండా ఊరుకోమంటావా?"

మొహం అని ఊరికే అనలేదు. క్రిమిలో ఒక ప్రోటీన్ ఉంటుంది. దాని గుంటలో మందు కూర్చుంటే క్రిమి చస్తుంది. మొండి క్రిమి ఆ గుంటను కాస్త మార్చుకుంటుంది, బస్సు సీటులో మోచేయి అడ్డం పెట్టి పక్కవాణ్ణి కూర్చోనివ్వని మనిషిలా. ఆ మోచేయి ఎక్కడుందో కనపడితే, దాన్ని తప్పించుకునే మందు వెతకొచ్చు. అందుకు ముందు ప్రోటీన్‌ను చక్కెర పలుకులా స్ఫటికం కట్టించి, ఎక్స్‌రేల కింద పెట్టాలి. కట్టి చస్తేగా!

నిరుడు ఒకసారి కట్టింది. ఆమె ఎగిరి గంతేసి అందరికీ మిఠాయి పంచింది. తీరా చూస్తే అది ప్రోటీన్ కాదు, ద్రావణంలోని ఉత్త ఉప్పు. పేరు అలా వచ్చింది.

ఈ వారం పెద్దసారు మెల్లగా చెప్పాడు. "సోమవారం నుంచి నీ స్ఫటికాల చల్లగది వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నామమ్మా. మామూలు క్రిమి ప్రోటీన్ తీసుకో, హాయిగా కడుతుంది."

"మామూలుదానికి మందులున్నాయి సార్. లొంగనిదాని సంగతి ఎవరు చూస్తారు?"

ఆ సాయంత్రమే ఇంట్లో చాప కింద ఊడిపడిన పిల్లి మీసం వెతికింది. సరిగా కట్టని పాత ప్రోటీన్ నలుసుల్ని దానితో తాకి, కొత్త ద్రావణం చుక్కలో గీస్తే, అక్కడ పెద్దవి మొలుస్తాయని ఈ పనివాళ్ళ నమ్మకం, అనుభవం కూడా. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "పెళ్ళీ లేదు పెటాకులూ లేవు, పిల్లి మీసాలు ఏరుకుంటోంది మహాతల్లి!"

శుక్రవారం పొద్దున చుక్కలో నాలుగు స్ఫటికాలు మెరుస్తున్నాయి. గదంతా మూగింది, మిఠాయి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఉప్పో ప్రోటీనో తేల్చుకోవడానికి ఒకటే దారి, సూదితో నొక్కడం. ఉప్పయితే గట్టిగా ఎదురుతిరిగి పెళ్ళున పగులుతుంది. ప్రోటీనయితే వెన్నలా నలిగిపోతుంది.

ఆమె సూదిని అన్నిటికన్నా పెద్దదాని మీదికి తీసుకెళ్ళింది.

"అయ్యో, అదొద్దు, చిన్నదాన్ని నొక్కు!" అని పెద్దసారు కంగారుపడ్డాడు.

"చిన్నదాన్ని నొక్కి పెద్దదాని మీద ఆశ పెట్టుకుంటే మళ్ళీ మిఠాయి కథే సార్. ఉప్పయితే నేనే గది ఖాళీ చేస్తాను."

నొక్కింది. సూది కింద ఎదురేమీ తగల్లేదు. స్ఫటికం మెత్తగా నలిగి చుక్కలో చెదిరిపోయింది. పెద్దసారు వంగి చూసి, మిగిలిన మూడింటినీ చూసి, గది తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద ఆమె ముందు పెట్టాడు.

ఆమెకు ఏడుపొచ్చింది, పట్టరాని సంతోషమూ వచ్చింది. వసారాలోకి వెళ్ళి ఫోన్ కుడి చెవికి ఆనించుకుంది.

"అక్కా, దొరికిందే! ఇక దాని మొహం చూడొచ్చు."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"కనపడ్డాక నన్ను పిలువు. అప్పుడు నీ మంచం పక్కన కూర్చుని మింగేసిన తిట్లు ఇంకా చాలా మిగిలిపోయాయి. ఎదురుగా నిలబడి తిడతాను."