అన్నీ పోయాక వచ్చే మనిషి

ఒంగోలు బీమా ఆఫీసులో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, నష్టం ఎంతో చూసి రాసే సర్వేయర్ గారొకాయన ఉండేవారు. ఎవరింటికి వెళ్లినా ముందు పాలసీ కాగితం అడిగి, ఇంగ్లీషులో ఉన్న ప్రతి షరతునీ తెలుగులో నిదానంగా చదివి వినిపించేవారు. ఆయన మొహంలో అలసట ఎప్పుడూ వదిలేది కాదు.

తుఫాను వెలిసిన వారం ఇద్దరం చీరాలలో ఒక నేతపని చేసుకునే ఆవిడ ఇంటికి వెళ్లాం. మగ్గం గుంటలో ఇంకా నీళ్లున్నాయి. నూలంతా కుళ్లిపోయింది. ఆయన అంతా చదివి, "అమ్మా, ఇది నిప్పుకి మాత్రమేనమ్మా. తుఫానుకి కావాలంటే విడిగా రాయించుకోవాలి," అన్నారు.

"ఏజెంటు అన్నిటికీ వస్తదన్నాడే!" అందావిడ. ఆయన చేతిలోని కాగితం వైపు చూస్తూ, "ఇంత బాగా చదివారు గదా బాబూ, నేను వేలిముద్ర వేసేనాడు రాలేదేం?" అంది.

ఆయన కాగితం మడిచి ఆవిడకి తిరిగిచ్చారు. తిరుగు బస్సులో నాతో, "అన్నీ పోయాక వెళ్లడమేనయ్యా నా ఉద్యోగం," అన్నారు.

తర్వాత నుంచి ఆదివారాలు సొంత ఖర్చుతో చీరాల వెళ్లి, నేతవాళ్లు సంతకం పెట్టకముందే కాగితాలు చదివి వినిపించసాగారు. ఏజెంట్లు ఫిర్యాదు చేశారు. మేనేజరు పిలిచి మా అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. ఆయన తలవంచుకుని విన్నారు. ఆ వచ్చే ఆదివారం మళ్లీ బస్సెక్కారు.