పంట కాలవలో నేను ఈదలేదు

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. కాలుకాలిన పిల్లి అంటారు మా ఆయన. ఆ రోజు జిండబైన్ లేక్ ఒడ్డున నేను తిరిగిన తిరుగుడు చూస్తే ఆ పిల్లి కూడా నాకు దణ్ణం పెట్టేది. పులిహోర డబ్బా చెట్టు నీడలోకి జరిపాను. ఈగలు ముసురుతున్నాయని కారులో పెట్టాను. కారులో వేడికి పాడవుతుందని మళ్ళీ తెచ్చాను. చాప దులిపి పరిచాను, మడిచాను, ఇంకోచోట పరిచాను.

ఈ దేశంలో జనవరి అంటే ఎండాకాలం సెలవులు. మేముండే క్వేకర్స్ హిల్ నుంచి మూడు కుటుంబాలం మూడు కార్లలో, రైస్ కుక్కర్‌తో సహా బయలుదేరి వచ్చాం. చుట్టూ కొండలు, మధ్యలో కనుచూపుమేర నీలం నీళ్ళు. దిగగానే అందరూ ఆహా అన్నారు. నేను అనలేదు. నా కళ్ళు ఒడ్డున వరసగా పేర్చిన కయాక్‌ల మీదే, ఆ సన్నటి తెడ్డుపడవల మీదే ఉన్నాయి. వాటి పక్కన మా అమ్మాయి నిలబడి నన్ను రమ్మని చెయ్యి ఊపుతోంది.

దానికి పదిహేడేళ్ళు. నా పుట్టినరోజు కానుకగా ఇద్దరు కూర్చునే కయాక్ ఒకటి గంటసేపటికి బుక్ చేసింది. మధ్యలోకి వెళ్ళి ఇద్దరం దూకి ఈదుదామని వారం ముందే చెప్పింది. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే నాకు ఈత రాదు. వచ్చని దానికి చెప్పింది కూడా నేనే.

దానికి ఆరేళ్ళున్నప్పుడు, ఇక్కడ అందరూ వేసినట్టే మేమూ శనివారం ఈత క్లాసులో వేశాం. నీళ్ళు కనబడితే చాలు, నా కాళ్ళకి చుట్టుకుపోయి ఏడ్చేది. నాలుగో వారం నాకు ఓపిక నశించింది. నీ వయసులో నేను మా ఊరి పంట కాలవలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదేదాన్ని, పక్కన గేదెలు ఈదుతున్నా భయపడలేదు, నా కూతురివై ఉండి నీకేమొచ్చిందే అన్నాను. అది ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. నిజంగానా అని అడిగింది. నిజంగానే అన్నాను. వెళ్ళి నీళ్ళలో దిగింది.

మా కాలవలో ఈదింది మగపిల్లలు. ఆడపిల్లలం రేవు మెట్ల మీద కూర్చుని వాళ్ళ చొక్కాలకి కాపలా కాసేవాళ్ళం. గోదారి జిల్లా అనగానే పుట్టుకతోనే ఈత వచ్చేస్తుందనుకుంటారు జనం. మా వీధిలో ఒక్క ఆడపిల్లకీ వచ్చేది కాదు. ఇక్కడికొచ్చాక కూడా అంతే. శనివారాలు ఆ క్లోరిన్ వాసనలో తువ్వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే తల్లుల్లో సగం మందికి ఈత రాదు. పిల్లలు చేపపిల్లలవుతారు, మేం గట్టు మీదే ఉంటాం.

నా సంగతి మా ఆయనకి తెలుసు. చెప్పేస్తే పోతుందిగా అంటారు. బీచ్‌కి వెళ్ళిన ప్రతిసారీ జలుబు, చెవిపోటు, నడుంనొప్పి అంటూ తప్పించుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయి అదే పూల్‌లో వారాంతాల్లో చిన్నపిల్లలకి ఈత నేర్పుతోంది. ఏడ్చే పిల్లలకి అది చెప్పే కథ నేనూ, కాలవా, గేదెలూ. ఆ మాట ఒకరోజు భోజనాల దగ్గర మురిసిపోతూ చెప్పింది. నేను తేలుకుట్టిన దొంగలా దానికి పప్పు వడ్డించాను.

కయాక్‌లు ఇచ్చే పెద్దాయన అట్టకి బిగించిన కాగితం మా చేతికిచ్చాడు. పేరు, ఫోన్ నంబరు, కింద ఒక ప్రశ్న: యాభై మీటర్లు ఈదగలరా? అవును, కాదు అని రెండు గళ్ళు. మా అమ్మాయి టకటకా నింపేసి పెన్ను నాకిచ్చింది. పేరు రాశాను. నంబరులో ఒక అంకె తప్పు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. పెన్ను రాయడం లేదన్నాను. బ్రహ్మాండంగా రాస్తోంది. వెనక్కి తిరిగి మా ఆయన కోసం చూశాను. ఆయన బార్బెక్యూ పొయ్యి దగ్గర చికెన్ ముక్కలు తిప్పుతూ ఎవరితోనో నవ్వుతున్నారు.

అవును అని పెట్టేస్తే ఏమవుతుంది, లైఫ్ జాకెట్ ఉంటుందిగా అనుకున్నాను. కానీ నీళ్ళ మధ్యలో నేను కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే, అమ్మ ఆటపట్టిస్తోందని అది ముందు నవ్వుతుంది. కాదు అన్న గడిలో టిక్ పెట్టాను.

అది చూసి, "రాంగ్ బాక్స్, అమ్మా" అంది.

"రాంగ్ కాదు. నాకు ఈత రాదు. ఎప్పుడూ రాలేదు."

పెద్దాయనకి ఇవేం పట్టలేదు. ఈత వచ్చినవాళ్ళు తోడుంటే ఒడ్డు వెంబడి వెళ్ళొచ్చని నా జాకెట్ బిగించాడు. నేను ముందు కూర్చున్నాను, అది వెనక. దాని మొహం నాకు కనబడదు. తెడ్డు చప్పుడొక్కటే వినబడుతోంది. ఉండబట్టక, ఈ నీళ్ళ కింద పాత ఊరు ఉందట అన్నాను. ఎండ బాగా ఉంది అన్నాను. నేను అటూ ఇటూ మెసులుతుంటే కయాక్ ఊగింది. "స్టాప్ మూవింగ్" అంది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబులు మాత్రం ఇంగ్లీషులోనే.

కాసేపటికి, "అండ్ ద బఫెలోస్?" అని అడిగింది.

గేదెలు నిజమే, నేను మాత్రం మెట్ల మీద ఉన్నాను అని చెప్పాను.

"ఐ టెల్ దట్ టు మై కిడ్స్, అమ్మా. ఎవ్రీ వీక్."

నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నిన్ను నీళ్ళలో దింపాలని అన్నాను, తర్వాత చెప్పడానికి ధైర్యం చాలలేదు, తప్పయిందమ్మా అన్నాను. అది కయాక్‌ని ఒడ్డుకి తిప్పింది. ఇంక ఇది నన్ను నమ్మదు అనుకున్నాను.

నడుంలోతు నీళ్ళ దగ్గర ఆపి, తను దూకి, నన్ను దిగమంది. దిగాను. ఎండాకాలంలో కూడా మంచునీళ్ళే. జాకెట్ తీయించి, వెల్లకిలా పడుకోమంది, నడుం కింద తన చెయ్యి ఉంటుందంది. పడుకున్నాను. కాళ్ళు మునిగాయి, లేచాను. రెండోసారి కారు తాళాలు గుర్తొచ్చి లేచాను. మూడోసారి ఒడ్డున చూస్తున్న మావాళ్ళు గుర్తొచ్చి లేచాను. నువ్వు నీళ్ళతో పోట్లాడుతున్నావని విసుక్కుంది. నాలుగోసారి దాని అరచెయ్యి గట్టిగా తగిలింది. చెవులు నీళ్ళలో మునిగి, ఒడ్డున గోలంతా ఆగిపోయింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. కాలూ చెయ్యీ కదపకుండా నేను అంతసేపు ఉండటం పుట్టి ఎరగను.

పట్టుకున్నావా అని అడిగాను. పట్టుకున్నా అంది.

మెల్లగా తల తిప్పి చూశాను. అది రెండడుగుల అవతల, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. గాభరాగా లేచి, నీళ్ళు మింగి, దగ్గాను. పట్టుకున్నానన్నావు కదే అన్నాను.

అది నవ్వలేదు. "నువ్వు కాలవలో ఈదావు కదమ్మా" అంది, తెలుగులో.

మళ్ళీ చెయ్యి చాపింది.