మూడో ట్యాంకు దగ్గర నాలుగు మిల్లీయాంపులు

నాలుగేళ్ళుగా డాండెనాంగ్‌లో ఓ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాను. చదివింది మాత్రం ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో మాస్టర్స్, అదీ ఇక్కడి యూనివర్సిటీలోనే. అందుకే గిప్స్‌లాండ్ వైపు ఓ పాలపొడి ఫ్యాక్టరీ నుంచి ఒకరోజు ట్రయల్‌కి రమ్మని మెయిల్ వస్తే, ఉద్యోగమే వచ్చినంత సంబరపడ్డాను. పని నచ్చితే పర్మనెంట్, నచ్చకపోతే మళ్ళీ గోడౌన్. ఇలాంటి ట్రయల్స్‌కి బయల్దేరేవాళ్ళు మనలో చాలామందే ఉంటారు కనుక దారితోపాటు నేను చేసిన నిర్వాకం కూడా రాస్తున్నాను.

ఉదయం ఐదున్నరకి క్రాన్‌బర్న్‌లో రైలెక్కి, డాండెనాంగ్‌లో దిగి గిప్స్‌లాండ్ రైలు పట్టుకున్నాను. రోజంతటికీ పది పదకొండు డాలర్లలో అయిపోతుంది. పాకెన్‌హామ్ దాటాక ఇళ్ళు పల్చబడి పచ్చికా, ఆవులూ మొదలవుతాయి. స్వెటర్ చాలని చలి. దిగాక ఫ్యాక్టరీ ఇంకా ఎనిమిది కిలోమీటర్లు, ఆ వేళకి బస్సు లేదు. నాకోసం సమ్మన్న కారు తెచ్చాడు. ఆయనది కరీంనగర్ వైపు, ఆ ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో పదిహేనేళ్ళుగా ఆపరేటర్. క్రాన్‌బర్న్‌లో ఒక బర్త్‌డే పార్టీలో పరిచయమై, నా గోడంతా విని, తనంతట తనే అక్కడ నా పేరు చెప్పాడు.

"షారన్‌కి చెప్పిన, మనోడు పనిమంతుడు అని. ముందుగాల నాలుగో ట్యాంక్ చేద్దాం, టీ తాగినంక మూడు. టెన్షన్ పడకు తమ్మీ" అన్నాడు స్టీరింగ్ తిప్పుతూ.

"మీరుండగా నాకేం టెన్షన్ అండీ" అన్నాను. నిజంగానే లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధీమా మీదే ఒళ్ళు మండుతోంది.

షారన్ అక్కడి సూపర్‌వైజర్. ఎనిమిదింటికి నా చేతికి సిగ్నల్ జనరేటర్ ఇచ్చింది. అరచేతి కంటే కాస్త పెద్ద పసుపు డబ్బా, రెండు వైర్లు, రెండు క్లిప్పులు. ట్యాంకులో పాలెంత ఉన్నాయో చెప్పే మీటరు వైర్లు ఊడదీసి, ఆ మీటరు బదులు ఈ డబ్బాతో సిగ్నల్ పంపాలి. నాలుగు మిల్లీయాంపులంటే ట్యాంకు ఖాళీ, ఇరవై అంటే నిండు. కంట్రోల్ రూమ్ తెర మీద అదే కనిపిస్తే లూపు, అంటే మీటరు నుంచి తెర దాకా ఉన్న వైరింగ్, సరిగ్గా ఉన్నట్టు. అయితే సిగ్నల్ పంపేముందు ఆపరేటర్ ఆ ట్యాంకుని మాన్యువల్‌లో పెట్టాలి, లేకపోతే మన దొంగ సిగ్నల్‌ని నిజమనుకుని వాల్వులు కదులుతాయి. పెట్టాక ట్యాంకు నంబరు రేడియోలో తిరిగి చెప్పాలి. దాన్నే రీడ్‌బ్యాక్ అంటారు. షారన్ నాకు రెండుసార్లు చెప్పిన రూలు అదొక్కటే.

నాలుగో ట్యాంకు చుట్టూ కడుగుతున్నారు, అంతా నురగ. సరే, ఆలస్యం దేనికని మూడో దాని దగ్గరికి వెళ్ళి రేడియో నొక్కాను.

"అన్నా, మూడుతో మొదలుపెడుతున్నా. మాన్యువల్‌లో పెట్టారా?"

"పెట్టిన తమ్మీ, కానియ్."

నంబరు చెప్పలేదు. నాకు తెలుసు చెప్పలేదని. అడుగుదామని వేలు బటన్ మీదికి వెళ్ళింది కూడా. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మనిషి, నా తరఫున మాట ఇచ్చినవాడు, వయసులో పెద్ద. ఏ నంబరో మళ్ళీ చెప్పండంటే, ఆయన మీద నమ్మకం లేనట్టు ఉంటుందని ఊరుకున్నాను. క్లిప్పులు పెట్టి నాలుగు మిల్లీయాంపులు పంపాను.

"సున్నా చూపిస్తోందా అన్నా?"

"లేదు తమ్మీ, అరవై పర్సెంట్ మీదనే ఉన్నది."

నా చేతుల్నే అనుమానించాను. క్లిప్పులు తీసి తుడిచి మళ్ళీ పెట్టాను, వైరు మార్చాను. ఆయన అరవై అంటూనే ఉన్నాడు. నేను మూడన్నది ఆయన చెవిన పడలేదు; కారులో అనుకున్న ప్రకారం ఆయన చూస్తున్నదీ, మాన్యువల్‌లో పెట్టిందీ నాలుగో ట్యాంకు. ఈలోగా మూడోది ఖాళీ అయిందనుకుని దానిలోకి పాలు నింపే వాల్వు పూర్తిగా తెరుచుకుంది. నిండితే ఆపే అలారం కూడా అదే సిగ్నల్‌ని నమ్ముకుని కూర్చుంది. పైనుంచి భుజం మీద చల్లగా ఏదో పడితే తలెత్తి చూశాను. పాలు. మూత చుట్టూ పొంగి, గోడ వెంట కారి, నా బూట్ల చుట్టూ మడుగు కట్టాయి. కొత్తింట్లో పాలు పొంగితే చప్పట్లు కొడతాం. అక్కడ సైరన్ మోగింది.

షారన్ అరవలేదు. "రీడ్‌బ్యాక్ తీసుకున్నావా?" అని అడిగింది.

"లేదు."

"ఎందుకని?"

క్లిప్పులు ఊడదీసి పసుపు డబ్బా తిరిగి ఆమె చేతిలో పెట్టాను. పదకొండు కాకముందే నా విజిటర్ బ్యాడ్జి వెనక్కి తీసుకున్నారు. విచారణ తేలేదాకా సమ్మన్నని కంట్రోల్ రూమ్ నుంచి తప్పించి ప్యాకింగ్‌కి పంపారు.

అయినా స్టేషన్‌కి ఆయనే దింపాడు.

"నంబర్ అడగకపోతివి" అన్నాడు సగం దారిలో.

"మీరు నొచ్చుకుంటారని అన్నా."

ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. "నేనెందుకు నొచ్చుకుంట? రోజూ అందరికీ నంబర్ చదివి చెప్తా. నీకు చెప్తే, ఫస్ట్ డే పోరన్ని పరీక్ష పెడుతున్నట్టు ఉంటదని చెప్పలే."

తిరుగు రైలు గంటన్నర లేటు. ప్లాట్‌ఫామ్ మీద పాలవాసన వేస్తూ కూర్చున్నాను. ఒకరి మర్యాద ఒకరం కాపాడుకోబోయి ఇద్దరం మునిగాం. వేరే ఎవరున్నా గట్టిగా అడిగేవాణ్ణి, వాళ్ళూ చెప్పేవాళ్ళు. మనవాడున్నాడన్న ధైర్యమే నా కొంప ముంచింది. మరో ట్రయల్ వస్తుందన్న ఆశ నాకు లేదు, ఆ చుట్టుపక్కల ప్లాంట్లన్నిటికీ ఈపాటికి తెలిసే ఉంటుంది. సోమవారం మళ్ళీ ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాను. సమ్మన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. ఏ మొహం పెట్టుకుని ఎత్తను?

మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. రేడియోలో అవతల ఉన్నది మీ సొంత అన్నే అయినా, ఆయన నోట నంబరు వినేదాకా క్లిప్పు పెట్టకండి. అడిగితే ఆయన నొచ్చుకోడు. ఆ సంగతి నాకు ఆయనే చెప్పాడు, ఉద్యోగం పోయాక.